ముల్లు - భేదకమా, స్వభావమా? : తెలుగు కంటక పదజాల పరిశీలన

తెలుగు నిఘంటువులలో చెట్టుచేమల, జంతువుల పేర్లకు అర్థవివరణ చాలాచోట్ల 'వృక్షవిశేషము', 'మృగవిశేషము' వంటి మాటలతో ముగుస్తుంది. కొన్నిచోట్ల 'ముండ్లు గలది' అన్న విశేషణం అదనంగా చేరుతుంది. ఈ వివరణ పద్ధతిలో ముళ్లున్న జాతుల పేర్లలోని ఒక క్రమం మరుగునపడుతున్నదని ఈ వ్యాసం ప్రతిపాదన.

తుమ్మ, రేగు, పల్లేరు, గచ్చ, వాకుడు - వీటన్నిటికీ ముళ్లున్నాయి. పేర్లలో మాత్రం 'ముల్లు' లేదు. ముళ్లతోటకూర, ముళ్లగోరింట అన్న పేర్లలో ఉంది. తోటకూర, గోరింట అన్నంత మాత్రాన ముల్లు స్ఫురించదు కనుక, ముల్లున్న రకాన్ని వేరుచేసి చెప్పవలసి వచ్చింది. తుమ్మ విషయంలో ఆ అవసరం లేదు. కాబట్టి ఈ పేర్లలో 'ముల్లు' ప్రధానంగా భేదక విశేషణం. సంస్కృతం నేలములకను కంటకారి అని, పనసను కంటకిఫలం అని స్వభావాన్ని బట్టే వ్యవహరించింది. 'ములక' శబ్దానికి ముల్లుతో సంబంధం చెప్పవచ్చు. అయినా నేటి వ్యవహర్తకు అది సమాసంగా తోచదు కనుక పై సూత్రానికి బాధకం కాదు.

జంతునామాలలోనూ ఇదే క్రమం కనిపిస్తుంది. 'ఏదు' ప్రాచీన ద్రావిడ పదం. తమిళంలో దీని సోదర రూపం 'ఎయ్'. ఆ అర్థం మసకబారినకొద్దీ జాతివాచకంగా 'పంది' చేరి ఏదుపంది అయింది. 'ఏదు' స్థానంలో 'ముల్లు' నిలిచి ముళ్లపంది అయింది. ఆ జంతువు నిజానికి మూషిక వర్గానికి చెందినది. పేరులో పంది చేరినందువల్లనే దాన్ని మామూలు పంది నుంచి వేరుచేయడానికి ముల్లు అవసరమైంది.

'కంప' ఈ రెండు వర్గాలకూ చెందదు. ముళ్లపొదకూ ఆ వాడుక ఉన్నా, రేగుకంప, తుమ్మకంప అన్నప్పుడు సాధారణంగా కొట్టి, ఈడ్చుకొచ్చి, చేని చుట్టూ వేసిన ముళ్లకొమ్మలే స్ఫురిస్తాయి. ఇక్కడ ముల్లు పనిముట్టు. పల్లె జీవితాన్ని చిత్రించిన కథలో రేగుకంపను 'రేగుచెట్టు' అని వివరిస్తే, దాని వెనుకనున్న శ్రమ అర్థం నుంచి తొలగిపోతుంది.

1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయ సంపుటం, పదాన్ని వృత్తితోనూ ప్రాంతంతోనూ ముడిపెట్టి చూపింది. కంటక పదజాలానికీ ఆ పద్ధతే తగినది. ప్రతి ఆరోపంలోనూ ముల్లు స్వభావమా, భేదకమా, పనిముట్టా అన్నది సూచించడం నిఘంటుకారుల కనీస కర్తవ్యం.