పలకరాయి పొరల్లో ఇంటి అందం

మార్కాపురం అనగానే చెక్క చట్రంలో బిగించిన నల్లటి పలక గుర్తొస్తుంది. తెలుగు పిల్లలు ఎందరో ఆ పలకల మీదే ఓనమాలు దిద్దారు. నోటు పుస్తకాలు, ప్లాస్టిక్ పలకలు వచ్చి రాతపలక వెనకబడింది గానీ, ఆ రాయి మాత్రం ఇళ్ల గోడలకూ నేలకూ చేరింది.

కోట్ల ఏళ్ల కిందటి బంకమట్టి భూగర్భంలో ఒత్తిడికీ వేడికీ గట్టిపడి పలకరాయి అయింది. అందుకే అది పొరలుగా విడుతుంది. ఆ పొర ఎక్కడుందో పనివాడి కంటికి తెలుసు. అంచున ఉలి ఆనించి సుత్తితో మెల్లగా తడితే రాయి పుస్తకంలా తెరుచుకుంటుంది. దెబ్బ కాస్త ఎక్కువైతే ముక్కలే మిగులుతాయి. ఆ ఒడుపు చేతికి రావడానికి ఏళ్లు పడుతుంది.

వంకర ముక్కలు కూడా వృథా కావు. తులసికోట చుట్టూ, వాకిలి మెట్ల మీద, వసారా గోడకు సిమెంటుతో అతికిస్తే ఇంటికి కొత్త కళ వస్తుంది. పెద్ద ముక్కలు ముందు పరిచి, సందుల్లో చిన్నవి పిల్లల చేత ఏరించి పెట్టించండి. ఏ రెండు గోడలూ ఒకేలా ఉండవు. ఆ గోడ అచ్చంగా మీదే అవుతుంది.

రాయి కోసేటప్పుడు లేచే దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. తడిపి కోయించండి, పనివాళ్లకు మాస్కు ఇవ్వండి. కూలి దగ్గర బేరమాడకండి. మన ఇంటి అందం ఆ చేతుల చలవే.