జాషువ కావ్యములందు క్రోధము, క్షమ

1941వ సంవత్సరమున వెలువడిన గబ్బిలమును క్రోధకావ్యమనియు, 1964లో సాహిత్య అకాడమీ పురస్కారము నందిన క్రీస్తు చరిత్రను క్షమాకావ్యమనియు విభజించి, జాషువ కవి మొదటిదానినుండి రెండవదానికి నడచెనని చెప్పుట సులభము. ఉద్రేకి యగు యువకుఁడు వార్ధకమున శాంతించెనను కథ వినుట కింపైనదే. కాని 1895లో జన్మించిన కవికి గబ్బిలము నాఁటికి 45 ఏండ్ల ప్రాయము. యౌవనోద్రేకమను మాట యచటఁ జెల్లదు. క్రోధమును జయించుట యనఁగా నేమో విచారింపక యీ విభాగము నంగీకరింపరాదు.

క్రైస్తవధర్మమునఁ గోపమునకు సంపూర్ణనిషేధము లేదు. పౌలు ఎఫెసీయులకు వ్రాసిన పత్రిక నాలుగవ యధ్యాయమునఁ గోపమునకుఁ గొంత తావిచ్చి, సూర్యాస్తమయమును దానికి మేరగా నిర్ణయించెను; పిదపఁ గొలఁది వాక్యములకే ద్వేషమును సమూలముగ విసర్జింపుమనెను. కోపము వేఱు, రాత్రులు నిలువయుండి పులిసిన కసి వేఱు. కీర్తనల గ్రంథమున 137వ కీర్తన తుది వాక్యములు చదువరిని నేఁటికిని నులికిపడఁజేయును. అయినను ఎదోము చేసిన ద్రోహమును జ్ఞాపకము చేసికొమ్మని కీర్తనకారుఁడు యెహోవానే వేఁడుచున్నాఁడు. అచటఁ గోపము దాఁపబడలేదు. దైవము నెదుటఁ బెట్టఁబడినది.

గబ్బిలము నిర్మాణమునఁ గాళిదాసుని మేఘసందేశమునకు సంతతి. అందు యక్షుఁడు ప్రియురాలికి వార్త నంపును. ఇందు నస్పృశ్యుఁడు కాశీలోని శివునకు మొఱ నంపును. దేవళములోనికి మనుష్యునకుఁ బ్రవేశము లేదు, అపశకునమని లోకము దూఱు గబ్బిలమునకుఁ గలదు. పూజారి లేనివేళ, వ్రేలాడుచు శివుని చెవికి సమీపించినప్పుడు తన జీవితకథ వినిపింపుమని యతఁడు కోరును. ఈ కోరికలోని యెత్తిపొడుపు మిగులఁ బదునైనది. అయినను మొఱకుఁ బ్రాణము విన్నపమే కాని శాపము కాదు.

1932 నాఁటి ఫిరదౌసితోఁ బోల్చినచో నీ భేదము తేటపడును. షానామా రచనకు బంగారము నిత్తునని గజనీ మహమ్మదు మాట యిచ్చి తుదకు వెండిని బంపెనని కథ. మోసపోయిన కవి కోపమునకు అచట ఋణగ్రస్తుఁ డొకఁడు కలఁడు. తిట్టుకవిత్వము దానికి సహజమైన దారి. గబ్బిలములోని దీనునకు ఋణపడినది యొక సుల్తాను కాఁడు, సంఘమంతయు. తిట్టుటకైనను ఎదురుగా నొక ముఖము లేదు. విషముగ మాఱుట కెక్కువ యవకాశము గల కోప మిట్టిదే.

అట్లు మాఱలేదనుటకు నిదర్శనము గబ్బిలపుఁ బ్రయాణమార్గమున నున్నది. దారిపొడవునను ఆంధ్రుల పూర్వవైభవము నంతయుఁ గవి దానికి మక్కువతోఁ జూపును. తన్ను గుడివాకిట నాఁపిన దేశముపై నంతటి మక్కువ! కసి నిండిన హృదయమునకు నిది పొసఁగదు. ఈ భాగము కథకు వెలియని కొందఱకుఁ దోఁపవచ్చును. నిజమునకు దీర్ఘముగనే యున్నది. అయినను దానిని దొలఁగించినచో నాయకుఁడు కేవలము ఫిర్యాదియై మిగులును.

మొఱ వినువాఁడు శివుఁడు కదా, దీనిఁ గ్రైస్తవదృష్టితోఁ జూచుట యెట్లని శంక కలుగవచ్చును. పురాణకథలను గైకొనెనని స్వమతస్థులును, అంటరానివాఁడని తదితరులును జాషువను నిరసించిరి. రెండు వాకిండ్లును మూయఁబడినవాఁడు కీర్తనకారుని మార్గమును బట్టెను. సంబోధనము మాత్రము మాఱినది.

క్రీస్తు చరిత్రమునందలి క్షమ వేఱు విధమైనది. కథ సువార్తలయందే నిర్ణీతము. సిలువపై నున్నవాఁడు క్షమించునని చదువరి ముందే యెఱుఁగును, కవికి స్వాతంత్ర్యము కొంచెము. భక్తికి లోపము లేదు, సంఘర్షణము సన్నగిల్లినది. గబ్బిలమున నట్టి ముందెఱుక లేదు. పైగా బాధితునకుఁ క్షమను బోధించుట బాధించువానికి మిక్కిలి యనుకూలము. గబ్బిలము ముందుగా బాధను వినుమనును, క్షమాపదము నెత్తదు. తన్ను వెలివేసినవారు తమ సొత్తని తలఁచిన సీసమునే, ఉత్పలమాలనే చేపట్టి, వానిని లోపము లేకుండ నడిపి, జాషువ ఆ మొఱను వినిపించెను.