‘స్పష్టంగా’ అని రాసిన చోట

మా ఆత్మకూర్ (ఎస్)లో రాత్రి పది దాటితే ఊరు సద్దుమణుగుతుంది. నా గణిత పేపర్లన్నీ ఆ వేళలో రాసుకున్నవే. మొదటిది జర్నల్‌కు పంపిన ఏడు నెలలకు, దాన్ని పరిశీలించిన రిఫరీ రిపోర్టు వచ్చింది. నాలుగో పేజీలో నేను ‘స్పష్టంగా’ అని రాసిన చోట ఒకే ప్రశ్న: ‘ఎన్ సరిసంఖ్య అయితే?’ ఎన్ బదులు నాలుగు పెట్టి చూశాను. నిరూపణ నిలవలేదు. మూడుకీ ఐదుకీ సరిపోయింది కదా, అన్నిటికీ సరిపోతుందిలే అనుకుని ఆ మాట రాసేశాను.

అప్పట్నుంచి పేపర్ పూర్తికాగానే ముందు ఆ మాట కోసమే వెతుకుతాను. ‘తేలిగ్గా చూపవచ్చు’ లాంటివీ వదలను. అలాంటి ప్రతిచోటా కారణం రెండు వాక్యాల్లో రాయాలి. రాయలేకపోతే అక్కడ లొసుగు ఉన్నట్టే.

ఇలాంటి ప్రశ్నే ఓసారి ఓ క్లాసులోనూ వచ్చింది. 1940లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎం.ఏ. చేసి కలకత్తా వెళ్లిన గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారు అక్కడ ఓ రోజు గణాంకశాస్త్రంలో ఫిషర్ ఫలితం ఒకటి చెబుతున్నారు. పెద్ద నమూనాలకు సరే, చిన్నవాటికో అని ఓ విద్యార్థి అడిగాడు. ఆయన ఆ రాత్రే కూర్చుని జవాబు నిరూపించి మర్నాడు క్లాసులో చెప్పారు. 1945లో కలకత్తా మేథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో అచ్చయిన పేపర్‌లో ఆ జవాబు ఉంది. దాన్నే ఇప్పుడు క్రామర్-రావు అసమానత అంటున్నాం. ఆ పేపర్‌కే 2023లో, ఆయన 102 ఏళ్ల వయసులో, ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ ఇచ్చారు. రిఫరీ అంటే నాకు ఆ విద్యార్థే గుర్తొస్తాడు.

పేపర్‌ను జర్నల్‌కు పంపడంలో పెద్ద మర్మమేమీ లేదు. గణితం టైపు చేసే లాటెక్ ఒక సెలవుల్లో వచ్చేస్తుంది. పంపబోయే జర్నల్ పాత సంచికలు తిరగేసి, మన విషయం వాళ్లు వేసుకుంటారో లేదో చూసుకోవాలి. ఒకే పేపర్‌ను ఒకేసారి రెండు జర్నళ్లకు పంపకూడదు. నెలల తరబడి ఎదురుచూడటమే కష్టం. డబ్బు కడితే వారంలో వేస్తామనేవాళ్ల వైపు మనసు లాగేది అప్పుడే. వాళ్లు ఆ ‘ఎన్ సరిసంఖ్య అయితే?’ అన్న ప్రశ్న అడగరు.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో గణితం చదువుతున్న పిల్లలకు నాదొక్కటే మనవి. పంపేముందు మీ పేపర్‌ను బోర్డు మీద ఒక్క స్నేహితుడికైనా మొదటినుంచీ చెప్పండి. మధ్యలో ఆపి అడగనివ్వండి.

నా మొదటి పేపర్ చివరికి ‘ఎన్ బేసిసంఖ్య అయినప్పుడు’ అన్న షరతుతోనే అచ్చయింది.