ఎవరి ఫాస్టస్?

మన విశ్వవిద్యాలయాల్లో ఎం.ఏ. ఇంగ్లీషు చదివినవాళ్లలో చాలామందికి మార్లో ‘డాక్టర్ ఫాస్టస్’ పరిచయమే. తాము చదివింది ఏ ఫాస్టసో మాత్రం అడిగేవాళ్లు తక్కువ. ఆ నాటకం రెండు రూపాల్లో మనకు దక్కింది. 1604లో అచ్చయిన పాఠం చిన్నది. 1616 పాఠంలో 676 పంక్తులు కొత్తగా చేరాయి, 36 పోయాయి. మార్లో 1593 మే నెలలోనే కత్తిపోటుకు చనిపోయాడు. మరి ఆ కొత్త పంక్తులు ఎవరివి?

ఈ ప్రశ్న పట్టుకుని వెళ్లాలంటే ఒకప్పుడు ఇంగ్లండు ప్రయాణం తప్పేది కాదు. 1604 ముద్రణకు మిగిలిన ఒకే ఒక్క ప్రతి ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ గ్రంథాలయంలో ఉంది. ఇవాళ అనంతపురంలో కూర్చున్న విద్యార్థి కూడా ఈ పని చేయగలడు. వెతికే పద్ధతి తెలియాలి, అంతే.

ముందు ముద్రణల లెక్క తేల్చుకోవాలి. అందుకు అలన్ ఫార్మర్, జకరీ లెసర్ తయారుచేసిన ‘డీప్’ అనే ఆన్‌లైన్ డేటాబేస్ ఉంది. 1660 వరకు ఇంగ్లండులో అచ్చయిన నాటకాల వివరాలు ఇందులో ఉచితంగా దొరుకుతాయి. ముద్రాపకుడెవరు, ఏ బృందం ఆడింది, టైటిల్ పేజీ మీద ఏముంది వంటివన్నీ కనిపిస్తాయి.

తర్వాత పాఠం. పాత పుస్తకాల పుటల ఫొటోలున్న ‘ఎర్లీ ఇంగ్లిష్ బుక్స్ ఆన్‌లైన్’కు చందా కట్టాలి. అది మన కాలేజీలన్నిటికీ అందేది కాదు. అయితే మిషిగన్, ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయాలు ముందుండి నడిపిన ‘టెక్స్ట్ క్రియేషన్ పార్ట్‌నర్‌షిప్’ ఆ పుస్తకాల్లో వేలాదింటిని మనుషుల చేత టైపు చేయించింది. 2015 జనవరి 1న తొలివిడతగా పాతిక వేల పాఠాలను అందరికీ ఉచితంగా వదిలింది. పేద విద్యార్థికి ఇంతకంటే పెద్ద ఉపకారం ఈ రంగంలో మరొకటి జరగలేదని నా నమ్మకం. టైపు చేసేవాళ్లకు అక్షరం అందకపోతే అక్కడ చుక్క పెట్టారు. ఆ చుక్కను మన ఊహతో పూరించకూడదు.

వెతికేటప్పుడు ఇప్పటి స్పెల్లింగ్ ఒక్కటే ఇస్తే సగం జారిపోతుంది. ‘లవ్’ అనే మాటలో ‘వి’ ఉండాల్సిన చోట ‘యు’ ఉంటుంది. యంత్రం చదివిన పాఠాల్లో అయితే పొడుగు ‘ఎస్’ కాస్తా ‘ఎఫ్’ అయిపోతుంది. తేదీలతోనూ జాగ్రత్త. అప్పట్లో ఇంగ్లండు సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది కాబట్టి, వాళ్లు 1600 జనవరి అని రాసింది మన లెక్కలో 1601 అవుతుంది.

ఇక మన ప్రశ్నకు వద్దాం. రోజ్ థియేటర్ యజమాని ఫిలిప్ హెన్‌స్లో జమాఖర్చుల పుస్తకం లండన్‌లోని డల్విచ్ కాలేజీలో భద్రంగా ఉంది. ఫాస్టస్ వేషం కట్టిన ఎడ్వర్డ్ అలెన్ స్థాపించిన సంస్థే అది. హెన్‌స్లో సవతి కూతురు ఆయన భార్య. ఆ పుటల చిత్రాలన్నీ ఇప్పుడు ఉచితంగా చూడొచ్చు. 1602 నవంబరు 22న విలియం బర్డ్, శామ్యూల్ రౌలీలకు ఫాస్టస్‌లో ‘చేర్పుల’ కోసం నాలుగు పౌండ్లు ఇవ్వడానికి నటబృందానికి అప్పిచ్చినట్టు అందులో ఉంది. ఫాస్టస్ పేరు అక్కడ ‘ఫోస్టెస్’. మామూలు స్పెల్లింగుతో వెతికితే ఈ పద్దు దొరకదు. 1616లో కనిపించిన పంక్తుల్లో కొన్నయినా వీళ్లవే అనుకోవడానికి ప్రధాన ఆధారం ఇదే.

అదే పుస్తకంలో మరో పద్దు ఉంది. 1597 డిసెంబరు 20న ఫాస్టస్ చేర్పులకు థామస్ డెక్కర్‌కు డబ్బిచ్చినట్టు. అది దొంగరాత. 1845లో ఈ పుస్తకాన్ని అచ్చువేసిన జాన్ పేన్ కోలియర్ పనిగా పండితులు తేల్చారు. కోలియర్ సంపుటి ఉచితంగా, పూర్తి పాఠంతో ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. కొత్తవాళ్లు మొదట దాన్నే తెరిచే ప్రమాదం ఉంది. డబ్ల్యు.డబ్ల్యు. గ్రెగ్ 1904లో ప్రచురించిన పాఠం తీసుకోండి. ఆ తర్వాత డల్విచ్ చిత్రాల్లో 1597 పద్దునూ 1602 పద్దునూ పక్కపక్కన తెరిచి, రెండు చేతిరాతలనూ మీ కళ్లతో పోల్చి చూడండి.