ఒక్క జ్ఞాపకానికి వారం గడువు

సోమవారం ఉదయం. పాతబడిన స్కూలు భవనం లాంటి ఒక ఆఫీసు. తలుపు దగ్గర కమ్ముకున్న తెల్లటి పొగమంచులోంచి ఒక్కొక్కరే లోపలికి వచ్చి, పేరు నమోదు చేయించుకుని, వరసగా కూర్చుంటారు. వాళ్లంతా అప్పుడే చనిపోయినవాళ్లు. బల్లకు అటువైపున్న ఉద్యోగి మర్యాదగా సంతాపం తెలిపి, వాళ్లు చేయాల్సిందేమిటో చెబుతాడు. బతికిన కాలమంతటిలోంచి ఒక్క జ్ఞాపకం ఎంచుకోవాలి. బుధవారం దాకా గడువు. ఎంచుకున్నదాన్ని అక్కడి సిబ్బందే చిన్న సినిమాగా తీస్తారు. శనివారం దాన్ని చూసి, ఆ ఒక్క జ్ఞాపకంతోనే శాశ్వతంగా వెళ్లిపోవాలి. మిగిలిందంతా చెరిగిపోతుంది. జపాన్ దర్శకుడు హిరోకజు కొరెఎడా 1998లో తీసిన ‘ఆఫ్టర్ లైఫ్’ కథ ఇది. చూసినవాళ్లు చాలామంది ముందుగా చెప్పే మాట, చాలా నెమ్మదిగా సాగుతుందని. నిజమే. అయితే ఆ నెమ్మదిని పక్కనపెడితే ఈ సినిమాలో చెప్పుకోదగ్గది ఏమీ మిగలదని నేను అనుకుంటున్నాను. పోయినదాన్ని తలుచుకోవడానికి మనిషికి ఎంత సేపు పడుతుందో అంత సేపూ ఆగడమే దీని పనితనం.

ఈ సినిమా రాసుకునే ముందు కొరెఎడా బృందం దాదాపు 500 మంది మామూలు మనుషుల్ని కలిసింది. ఒక్క జ్ఞాపకమే దక్కేటట్టయితే ఏది ఉంచుకుంటారని అడిగింది. వాళ్లలో కొందరు ఈ సినిమాలోనే కనిపించి సొంత జ్ఞాపకాలు చెబుతారు. వాళ్ల పక్కనే నటులు, ముందే రాసిపెట్టిన సంభాషణలు చెబుతారు. ఎవరు నటులో ఎవరు కాదో తేల్చుకోవడం కష్టం. కెమెరా ఎదురుగా కదలకుండా ఉంటుంది. సంగీతం వచ్చి ఇక్కడ కరిగిపొమ్మని మనకు చెప్పదు. మనిషి మాట్లాడుతూ ఆగుతాడు, తడుముకుంటాడు, చెప్పినదాన్ని దిద్దుకుంటాడు. ఒక పెద్దావిడకు 1923 నాటి కాంటో భూకంపం తరవాత వెదురుతోపులో గడిపిన రోజులు గుర్తొస్తాయి. ఒకాయనకు స్కూలు రోజుల్లో ట్రామ్‌లో మొహానికి తగిలిన గాలి గుర్తొస్తుంది. ఒక అమ్మాయి డిస్నీలాండ్‌లో గడిపిన రోజు చెబుతుంది. అప్పటికే దాదాపు ముప్పై మంది అదే చెప్పారని షియోరి అనే ఉద్యోగిని ఆమెకు నెమ్మదిగా తెలియజేస్తుంది. ఆ అమ్మాయి ఆలోచనలో పడుతుంది. చివరికి చిన్నప్పుడు అమ్మ ఒడిలో తల పెట్టుకుని పడుకున్న క్షణాన్ని ఎంచుకుంటుంది. నా వాదనకు ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. తొందరలో నోటికొచ్చిన జవాబు నలుగురిదీ. రెండో జవాబు ఆమెది మాత్రమే, అది రావడానికి రోజులు పట్టాయి. ఈలోగా ప్రేక్షకుడు కూడా ఊరుకోడు, తన జవాబు కోసం లోలోపల వెతుక్కుంటాడు. ఆ వెతుకులాటకు చోటివ్వడం కోసమే కెమెరా కదలకుండా నిలబడింది.

ఇది కొరెఎడాతో మొదలైన పద్ధతి కాదు. యాసుజిరో ఓజు 1953లో తీసిన ‘టోక్యో స్టోరీ’లో తల్లి చనిపోయాక తండ్రి తెల్లవారుజామున ఆరుబయట నిలబడి, ఇవాళ ఎండ ఎక్కువగా ఉండేట్టుందని మాత్రం అంటాడు. ఏడుపు చూపించాల్సిన చోట ఓజు రేవునూ, పడవలనూ, మనుషుల్లేని వీధినీ చూపిస్తాడు. కొరెఎడా మొదటి కథాచిత్రం ‘మబొరొసి’ (1995)లో భర్త ఎందుకు రైలుకింద పడ్డాడో తెలియని యువతి, మళ్లీ పెళ్లి చేసుకుని నోటో ద్వీపకల్పంలోని సముద్రతీరపు పల్లెకు వెళుతుంది. అక్కడ ఒక శవయాత్ర సముద్రం అంచున సాగిపోతుంటే కెమెరా ఎంతో దూరంలో నిలబడి చూస్తుంది. మనుషులు చీమలంత కనబడతారు, వెనక ఆమె ఒంటరిగా నడుస్తుంటుంది. ఆమె మొహం మనకు చూపించరు. దగ్గరికి వెళ్లి కన్నీళ్లు చూపించడం సులువు. దూరంగా ఉండి, ఆమె దుఃఖం ఆమెదేనని ఒప్పుకోవడం కష్టం, గౌరవం కూడా. ఓజు సమాధి మీద శూన్యాన్ని సూచించే ఒకే ఒక్క అక్షరం ఉండటంతో, ఈ నిదానాన్నంతా జెన్ బౌద్ధానికి అప్పగించేసేవాళ్లున్నారు. నాకది తేలిక సమాధానంగా తోస్తుంది. కొరెఎడా టీవీ డాక్యుమెంటరీల్లోంచి వచ్చినవాడు. ఆస్పత్రిలో పోషకాహారం అందక, కొత్త జ్ఞాపకాలు నిలుపుకునే శక్తి పోగొట్టుకున్న ఒక వ్యక్తి మీద 1996లో డాక్యుమెంటరీ తీశాడు. ఎదుటి మనిషి మాట పూర్తయ్యేదాకా ఆగడం అతను ఆ వృత్తిలోనే నేర్చుకున్నాడు.

అంత నెమ్మది భరించలేమనేవాళ్లతో నేను వాదనకు దిగను, ఒక్క విషయం గుర్తుచేస్తాను. మన ఇళ్లలో మనిషి పోతే పదో రోజు, పన్నెండో రోజు, నెలనెలా మాసికాలు, ఏడాదికి సంవత్సరీకం అని పెద్దలు ఆ బాధను రోజులుగా పంచారు. ఒక్క రోజులో తెమిలేది కాదని వాళ్లకు తెలుసు. ఈ సినిమాలోని వారం రోజులు మనకు పరాయివి కావు. పరాయిగా తోచేది మరొకటుంది. ‘యమగోల’ (1977) నాటి నుంచీ తెలుగు తెర మీద పరలోకమంటే కొలువు, చిట్టా, పాపపుణ్యాల విచారణ. ఇక్కడ విచారణే లేదు. మంచివాడికీ చెడ్డవాడికీ ఒకటే ప్రశ్న వేస్తే న్యాయం ఏమైనట్టని అడగవచ్చు. సబబైన ప్రశ్నే. కానీ ఏం చేశావని అడిగితే మనిషి సమర్థించుకుంటాడు. ఏది ఉంచుకుంటావని అడిగితే తనను తానే తూచుకోక తప్పదు. ఇసెయా అనే 21 ఏళ్ల కుర్రాడు ఏదీ ఎంచుకోనని మొండికేస్తాడు, అదే తన బాధ్యత అంటాడు. అతన్నీ ఎవరూ శిక్షించరు.

అసలైన ఆక్షేపణ ఇంకొకటి. ఒక్క జ్ఞాపకం తప్ప అన్నీ పోవడం క్రూరం కాదా? కట్టుకున్నవాళ్లనూ కన్నవాళ్లనూ మరిచిపోవడం ప్రేమ ఎలా అవుతుంది? దీనికి జవాబు వతనాబె కథలో ఉంది. సాదాసీదాగా బతికిన ఈ ముసలాయనకు ఎంచుకోదగ్గ క్షణమే దొరకదు. ఏడాదికొకటి చొప్పున అతని జీవితం నిండిన 71 వీడియో టేపులు తెప్పించి ముందు పెడతారు. అవి చూసి చూసి, భార్యతో సినిమాకు వెళ్లొచ్చి పార్కు బెంచీ మీద కూర్చున్న ఒక పూటను ఎంచుకుంటాడు. అతనికి సాయపడిన ఉద్యోగి మొచిజుకి, యుద్ధంలో చనిపోయిన యువకుడు. వతనాబె భార్య ఒకప్పుడు ఇతనికి నిశ్చయమైన పిల్ల. ఆమె చనిపోయి ఇక్కడికి వచ్చినప్పుడు ఏది ఎంచుకుందో పాత రీళ్లలో వెతికితే, మొచిజుకితో కలిసి బెంచీ మీద కూర్చున్న ఆఖరి రోజు బయటపడుతుంది. అర్ధ శతాబ్దం పాటు తనకంటూ ఏదీ ఎంచుకోలేక ఆ ఆఫీసులోనే ఉండిపోయిన మనిషికి, మరొకరి సంతోషంలో తనకూ భాగముందని అప్పుడు తెలుస్తుంది. మనం మరిచిపోయినా, మనల్ని ఇంకొకరు ఉంచుకుని ఉండవచ్చు. జ్ఞాపకం ఒక్కరి సొత్తు కాదు గనక ఆ మరపు క్రూరం కాదు.

అందుకే జ్ఞాపకాలను తిరిగి తీసే సన్నివేశాలు నాకు సినిమాకంతటికీ గుండెకాయలా అనిపిస్తాయి. విమానం పక్కనుంచి సాగే మబ్బుల్ని దూదితో చేస్తారు. ఆఫీసు పైకప్పు అద్దంలోంచి కనబడే చంద్రుడు కూడా బొమ్మేనని తరవాత తెలుస్తుంది. ఇదంతా నకిలీ కదా అంటే, అవును. తలుచుకున్న ప్రతిసారీ మనం చేసేదీ ఇదే, ఉన్న దూదితో మబ్బు కట్టుకోవడం. ఆ దూది రంగు సరిపోయిందా అని పోయినవాళ్లను మళ్లీ మళ్లీ అడిగే సిబ్బంది శ్రద్ధలో, ఏ శ్రాద్ధానికీ తీసిపోని భక్తి ఉంది.

చివర్లో మొచిజుకి కూడా వెళ్లిపోతాడు. అతను ఎంచుకున్నది, ఆ షూటింగు సెట్టులోని బెంచీ మీద కూర్చుని తోటి ఉద్యోగుల్ని చూసిన క్షణం. మళ్లీ సోమవారం వస్తుంది. ఇసెయా సిబ్బందిలో చేరాడు. మొచిజుకి పని ఇప్పుడు షియోరిది. ఖాళీ గదిలో చెప్పాల్సిన మాటలు ఒకసారి వల్లె వేసుకుని, మొదటి మనిషి కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది.