లెక్కలోకి రానివాళ్ళు

ద్వారకా నగర్‌లో కాపురం ఉన్నవాళ్ళకి ఒక సుఖం ఉంది. పౌర గ్రంథాలయం నడిచి వెళ్ళేంత దూరం. ఒక కష్టం కూడా ఉంది. నడిచే దారి పొడుగునా గోడల మీదా, స్తంభాల మీదా ర్యాంకులొచ్చిన పిల్లల ఫొటోలు మనకేసి చూసి నవ్వుతూ ఉంటాయి. ఇంట్లో ర్యాంకు రాని పిల్ల ఉన్నప్పుడు ఆ నవ్వులు భరించడం కష్టమే సుమండీ.

మా మనవరాలికి మెడిసిన్ సీటు రాలేదు. నాలుగు రోజులు ఏడ్చి, అయిదో రోజు కళ్ళు తుడుచుకుని, "కంప్యూటేషనల్ బయాలజీ చదువుతాను అమ్మమ్మా" అంది. జీవుల గురించి పోగైన అంకెల్నీ అక్షరాల్నీ కంప్యూటరుతో లెక్కగట్టి అర్థం తీసే శాస్త్రమట. మనిషి జన్యు గ్రంథంలోనే సుమారు 300 కోట్ల అక్షరాలున్నాయి కదా, చేత్తో లెక్కపెట్టేవి కావు మరి! మా అల్లుడు పెదవి విరిచాడు. "అటు డాక్టరూ కాదు, ఇటు ఇంజనీరూ కాదు" అన్నాడు. మా అమ్మాయి ఇద్దరి మధ్యా నలిగి, "నువ్వే చెప్పమ్మా" అని తీర్పు నా మీద పడేసింది.

నాకు తెలియని సంగతి మీద తీర్పు చెప్పాల్సి వచ్చినప్పుడు పుస్తకం తెచ్చుకోవడం నా అలవాటు. శాస్త్రజ్ఞుల జీవిత కథలు మూడు తెచ్చాను. చెప్పొద్దూ, మూడూ ఒకే అచ్చులో పోసినట్టున్నాయి. చిన్నప్పుడు చుక్కల కేసి చూసి ఎందుకూ ఏమిటీ అని అడగడం, గడియారం విప్పి పారేయడం, ఇంట్లో చివాట్లు, తర్వాత స్కాలర్‌షిప్పు, విదేశం, బహుమతి. గడియారాలు విప్పిన పిల్లలందరూ శాస్త్రజ్ఞులైతే మా తమ్ముడికి ఈపాటికి నోబెల్ బహుమతి రావాలి. వాడు బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాడు.

నాలుగోసారి తెచ్చుకున్న పుస్తకం మాత్రం నన్ను నిలబెట్టేసింది. పేరు 'స్టాటిస్టిక్స్ అండ్ ట్రూత్'. రాసింది కల్యంపూడి రాధాకృష్ణారావుగారు, అందరూ సి.ఆర్. రావు అంటారే, ఆయన. రామానుజన్ స్మారకోపన్యాసాలుగా చెప్పినవి 1989లో పుస్తకంగా వచ్చాయి. ఇంగ్లీషు పుస్తకమే. మధ్యలో సూత్రాలు ఎదురవుతాయి. వాటిని పండుగనాటి రద్దీలో మనుషుల్ని తప్పించుకున్నట్టు పక్కనించి దాటుకుని వెళ్ళిపోవచ్చు.

ఆయన మన విశాఖలో చదువుకున్నవారే. 1920లో హడగలిలో పుట్టారు. పదిమంది సంతానంలో ఎనిమిదోవారు. దేవకికి ఎనిమిదోవాడు కృష్ణుడు కాబట్టి ఆ పేరు పెట్టారట. తండ్రి పోలీసు ఇన్‌స్పెక్టరు. బదిలీల వల్ల చదువు గూడూరు, నూజివీడు, నందిగామ తిరిగి విశాఖపట్నం చేరింది. ఇక్కడ ఏ.వి.ఎన్. కాలేజీ, తర్వాత ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం. మొదటి తరగతిలో ప్యాసై, పరిశోధనకు స్కాలర్‌షిప్పు అడిగితే దరఖాస్తు ఆలస్యమైందని దక్కలేదు. యుద్ధకాలం. సైన్యంలో లెక్కల ఉద్యోగం ఉందంటే కలకత్తా వెళ్ళారు. అదీ కాలేదు. కానీ అక్కడ భారత గణాంక సంస్థ కంటపడింది. 1941 జనవరి 1న అందులో చేరారు. మిగిలిన జీవితమంతా ఆ గుమ్మంలోంచి వచ్చిందే. 2002లో అమెరికా జాతీయ విజ్ఞాన పతకం, 2023లో అంతర్జాతీయ గణాంక బహుమతి. ఆ ఏడాదే ఆగస్టులో, 102 ఏళ్ళు నిండి, బఫెలోలో కన్నుమూశారు.

"గణాంకాలాయనకీ మన పిల్ల బయాలజీకీ ఏం సంబంధం?" అన్నారు మా వారు. అక్కడికే వస్తున్నాను. 1946లో ఆయన కేంబ్రిడ్జి వెళ్ళింది ఎముకలు కొలవడానికి! సూడాన్‌లో జెబెల్ మోయా అనేచోట తవ్వితీసిన పాతకాలపు అస్థిపంజరాలు. ఆ మనుషులెవరు, ఎవరికి దగ్గర బంధువులు అన్నది తేల్చాలి. మనం ఒక పిల్లాణ్ణి చూసి ఫలానా వారి పిల్లాడని ఎలా పోలుస్తాం? ఒక్క ముక్కు చూసి చెప్పలేం. ముక్కూ, నుదురూ, గడ్డం కలిపి చూస్తాం. ఆ కలిపి చూడడాన్నే ఆయన లెక్కగా మార్చారు. సాయంత్రాలు ఆయన గురువు ఫిషర్ ప్రయోగశాలలో ఎలుకల్ని పెంచి, ఏ లక్షణం ఏ జన్యువుతో జంటగా వస్తోందో చూసేవారు. కంప్యూటేషనల్ బయాలజీ అన్న పేరు అప్పటికి లేదు. పని మాత్రం ఉంది. ఎముకల కొలతలున్నచోట ఇప్పుడు జన్యువులు వచ్చాయి, చేత్తో తిప్పే లెక్కల యంత్రమున్నచోట కంప్యూటరు వచ్చింది. 1965లో మార్గరెట్ డేహాఫ్ అనే ఆవిడ అప్పటికి తెలిసిన ప్రోటీన్ల వరసలన్నీ పోగేసి అట్లాసుగా వేయించింది. ఈ శాస్త్రానికి పునాది వేసినవాళ్ళలో ఆవిడ పేరు ముందు చెబుతారు.

ఇక పుస్తకం రుచి. 1947లో ఢిల్లీ ఎర్రకోటలో కాందిశీకులు తలదాచుకున్నారు. లోపలికి వెళ్ళి లెక్కపెట్టే వీలు లేదు. భోజనాల కాంట్రాక్టర్లు మాత్రం బిల్లులు పంపుతున్నారు. మనుషులెంతమంది? బియ్యం లెక్క చూస్తే ఒక సంఖ్య, పప్పు చూస్తే మరొకటి, ఉప్పు చూస్తే అన్నిటికన్నా తక్కువ. గణాంకులు ఉప్పునే నమ్మారు. బియ్యం ఖరీదైంది, బిల్లులో పెంచితే లాభం. ఉప్పులో కక్కుర్తి పడితే వచ్చేదేముంది? ఇది చదివి నేను పుస్తకం మూసి నవ్వుకున్నాను. వంటింటి లెక్క తెలిసిన ఏ ఇల్లాలైనా ఈ మాట చెప్పి ఉండేది. మనల్ని ఎవరూ అడగలేదు, అంతే.

కానీ నన్ను పట్టి కుదిపింది మరో అధ్యాయం. మగపిల్లల క్లాసులో "మీ ఇంట్లో మీతో కలిపి అన్నదమ్ములెందరు, అక్కచెల్లెళ్ళెందరు?" అని అడిగితే ఎక్కడైనా మగవాళ్ళే ఎక్కువ తేలతారట. లోకంలో మగవాళ్ళు అంత ఎక్కువా? కాదు. నేను ఇలా వేసి చూసుకున్నాను. నాలుగిళ్ళున్నాయి, ఇంటికిద్దరు పిల్లలు. ఒక ఇంట్లో ఇద్దరూ మగ, రెండిళ్ళలో ఒక మగా ఒక ఆడా, నాలుగో ఇంట్లో ఇద్దరూ ఆడ. వెరసి నలుగురు, నలుగురు. మగపిల్లల బడికి వెళ్ళి ఇంటికొకణ్ణి అడగండి. నలుగురు మగ, ఇద్దరే ఆడ! నాలుగో ఇల్లు అసలు లెక్కలోకే రాలేదు. ఆ ఇంటినుంచి జవాబు చెప్పడానికి బడిలో ఎవరూ లేరు కదా.

అప్పుడర్థమైంది నాకు, ఆ మూడు జీవిత కథల మీద ఎందుకు విసుగొచ్చిందో. గెలిచినవాళ్ళని పిలిచి "మీ బాల్యం చెప్పండి" అంటే కుతూహలమే తేలుతుంది. కుతూహలమున్నా గెలవనివాళ్ళని పిలిచేదెవరు? మా వీధి గోడల మీది ఫొటోలూ ఆ మగపిల్లల బడిలాంటివే. గోడ ఎక్కనివాళ్ళ సంగతి గోడ చెప్పదు.

ఇంత మెలకువగా లెక్కలోని లోపాలు పట్టుకున్న రావుగారి మీద కూడా నాకొక ఫిర్యాదుంది. తన తల్లి లక్ష్మీకాంతమ్మగారు రోజూ తెల్లవారుజామున నాలుగింటికి తనని లేపి, దీపం వెలిగించి, చదువుకోమనేదని ఆయన స్మరించుకున్నారు. రాసినందుకు ముందుగా నమస్కారం. చాలామంది అదీ రాయరు. కానీ అది అంకితం దగ్గర ఒక్క వాక్యం. నాలుగింటికి కొడుకుని లేపాలంటే తను ఎన్నింటికి లేవాలి? పదిమంది పిల్లల తల్లి! ఆవిడ గురించి ఒక్క పేజీ ఉంటే, సూత్రాలున్న పది పేజీలు నేను సంతోషంగా వదులుకునేదాన్ని. కాందిశీకుల్ని ఉప్పుతో లెక్కగట్టడం మనకి నేర్పిన మనిషికి, ఇంట్లో ఉప్పులాంటి మనిషిని లెక్కగట్టడం చేతకాక కాదు.

మా ఇంటి సంగతి చెబుతాను. మా అమ్మ కూడా దీపం పెట్టేది, అన్నయ్యకి. ఆ లాంతరు చిమ్నీ ముగ్గు పొడితో తుడిచి మెరిపించే పని నాది. తుడిచినంతసేపూ అన్నయ్య లెక్కల పుస్తకం తిరగేసేదాన్ని. ఎవరూ వద్దనలేదు, ఎవరూ చదవమనీ అనలేదు. నాకు కుతూహలం లేదనుకోకండి. నా కథ ఎవరూ అడగలేదు కనక నేను నాలుగో ఇంటి పిల్లని.

మనవరాలికి ఆ నాలుగిళ్ళ లెక్క చెప్పబోయాను. సగంలోనే ఆపి, "ఆడపిల్లల బడిలో అడిగితే తలకిందులవుతుందిగా అమ్మమ్మా" అంది. సీటు రాకపోతేనేం, లెక్క వచ్చిందనుకున్నాను. మా అల్లుణ్ణి కూర్చోబెట్టి తీర్పు చెప్పాను. "చదవనీ నాయనా. రావుగారు గొప్పవారయ్యారు కాబట్టి ఇదీ అవుతుందని నేననను. అలా అంటే ఆ పుస్తకం చదివీ చదవనట్టే. పిల్లకి లెక్కా ఇష్టమే, జీవమూ ఇష్టమే. రెండూ కలిసే చోటు ఒకటుంది. అక్కడ పని చాలా ఉంది. అంతవరకే నా హామీ" అన్నాను. అతను కాసేపు కాఫీ గ్లాసు కేసి చూసి, "ఫీజెంతట?" అన్నాడు. మా అమ్మాయి లోపల్నించి గట్టిగా ఊపిరి పీల్చుకోవడం నాకు వినిపించింది.

మీరూ వీలైతే ఆ పుస్తకం చదవండి. వీలు కాకపోతే ఈసారి పేరంటంలో పసుపు రాస్తూ ఒక్కొక్కరినీ అడిగి చూడండి: మీతో కలిపి అక్కచెల్లెళ్ళెందరు, అన్నదమ్ములెందరని. పదిమందిని అడిగి ఆగకండి, ముప్పై మందినైనా అడగండి. ఆ గదిలో మనవాళ్ళే ఎక్కువ తేలతారు. అదీ నిజం కాదనుకోండి. కాని ఒక్కపూటైనా ఆ లెక్క వినడానికి బాగుంటుంది.

నేను గ్రంథాలయానికి బయల్దేరుతున్నాను. పుస్తకం తిరిగివ్వాల్సిన గడువు దాటి మూడు రోజులైంది. రావుగారికి గడువు దాటడం కలిసొచ్చింది. నాకు జరిమానా తప్పదు.