చిటికెన వేలు మోసే విల్లు

బ్రెజిల్‌లోని సాల్వదోర్‌లో, ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ల సంతతి నిలుపుకున్న కపొయెరా అనే పోరాట ఆటలో అందరూ కాళ్ల విసురే చూస్తారు. నేనైతే ఆ ఆటకు బెరింబావ్ అనే విల్లు వాద్యం వాయించే చేతికి దణ్ణం పెడతాను. వంచిన బిరీబా కర్ర, పాత టైరులోంచి లాగిన ఉక్కు తీగ, కింద ఎండిన బుర్ర. ఆ బరువంతా మోసేది చిటికెన వేలే! అదే చేతి బొటనవేలు, చూపుడువేలు గులకరాయిని తీగకు నొక్కి స్వరం మారుస్తాయి. రెండో చేతిలో సన్నటి పుల్ల, గింజల గిలక్కాయ. బుర్ర పొట్టకు ఆనితే నాదం మూసుకుంటుంది, దూరం జరిగితే విచ్చుకుంటుంది. ఆటలో మోగే మూడు బెరింబావ్‌లలో లావు గొంతు గుంగా అనేదానిది. అది నడక పెంచితే ఆట ఊపందుకుంటుంది. అది పిలిస్తే, కోపం ముదిరిన జోడీ కూడా తన్నులాపి దాని ముందు గొంతుక్కూర్చోవాల్సిందే.